కారణం చెప్పని ఫొటో సగం సాక్ష్యమే



అలెక్స్ గార్లాండ్ తీసిన 'సివిల్ వార్' (2024) యుద్ధానికి కారణం చెప్పకపోవడమే దాని బలమన్న మీ పత్రిక సమీక్షతో ఏకీభవించలేను. ఫొటో జర్నలిస్టుల తెగువను ఆ సినిమా గొప్పగా చూపింది, నిజమే. కానీ తూటా ఎవరికి తగిలిందో చూపే కెమెరా, అది ఎందుకు పేలిందో చెప్పలేదు. ఉదాహరణకు, మా ఉద్దానం సీమలోని సోంపేటలో 2010 జులై 14న థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గరి కాకరాపల్లిలోనూ అదే జరిగింది. నేలకొరిగిన మనిషి ఫొటోలో బీల (చిత్తడి) భూములు, వాటిని నమ్ముకున్న రైతులు, మత్స్యకారులు కనిపించరు. సోంపేట ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అక్కడ కాల్పులు జరిగిన రోజే రద్దు చేసిన సంగతీ కనిపించదు.

కారణం చెబితే ఒక పక్షం వహించినట్టేనని కొందరంటారు. కారణం కూడా తేదీలాగే వాస్తవం; ఇరువైపుల వాదననూ రాసి తీర్పు పాఠకుడికి వదలవచ్చు. కారణాన్ని దాచిపెడితే చావు ఒక్కటే మిగులుతుంది, జవాబు చెప్పాల్సినవారు తప్పించుకుంటారు.

— ఒక పాఠకుడు, పలాస