గండభేరుండం కనిపిస్తే రాయలవారేనా?

మా ఆనేకల్ వైపు తెలుగిళ్ళలో ఒక జబ్బు పట్టుకుంది. అటకమీద పాత రాగిబిళ్ళో ఇత్తడి ముద్రో దొరికి, దానిమీద రెండుతలల పక్షి ఉంటే చాలు, ఫొటో బంధువుల గ్రూపుకెక్కుతుంది: "విజయనగరం నాటిది. మనవాళ్ళు రాయలతోనే వచ్చారు!" అందరూ దండాలు పెడతారు, ఒక్కరూ ప్రశ్న వెయ్యరు. అందుకే మేం వేస్తున్నాం.

గుర్తు వయసు చెబుతుందా? చెప్పదు. శివమొగ్గ జిల్లా బళ్ళిగావిలో గండభేరుండ స్తంభం 1047 నాటిది. అచ్యుతదేవరాయల (1529–1542) నాణేల మీద అదే పక్షి. మైసూరు ఒడెయార్ల చిహ్నమూ అదే. ఈనాటి కర్ణాటక ప్రభుత్వ ముద్రలోనూ అదే. దాదాపు వెయ్యేళ్ళుగా బతుకుతున్న గుర్తు ఏ ఒక్క శతాబ్దానికీ సాక్ష్యం కాదు.

పోనీ, తేదీ ఉంటే? ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818. మరోవైపు సీతారాములో హనుమంతుడో ఉన్న బిళ్ళలు సంతల్లో బోలెడు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వెయ్యలేదు. మద్రాసు కోసం బర్మింగ్‌హామ్‌లో ముద్రించిన 1803, 1808 రాగికాసుల మీద మన దేవుళ్ళెవరూ లేరు.

"ల్యాబులో కార్బన్ డేటింగ్ చేయిద్దాం" అంటారు కొందరు. అది బొగ్గు, కర్ర, ఎముకలాంటి ఒకప్పుడు ప్రాణమున్న వాటికి. రాగికి కాదు. ఎక్స్‌రే యంత్రం రాగి, జింకు, తగరం పాళ్ళు చెబుతుంది, పుట్టిన ఏడాది చెప్పదు. వయసు తేల్చాలంటే బరువు, కొలత, లిపి, పోతా అచ్చా అన్నది చూడాలి. అన్నిటికన్నా ముందు ఎక్కడ, వేటితో కలిసి దొరికిందో తెలియాలి. చింతపండేసి తోమారో, పైపొరతో పాటు సాక్ష్యమూ పోయినట్టే.

"పోనీలెండి, పిల్లలకు తెలుగువాళ్ళమన్న గర్వం వస్తుందిగా" అంటారు పెద్దలు. రాదండీ. రేపు ఆ పిల్లే ఫోన్లో వెతికి అది సంతబిళ్ళని తేల్చుకుంటే, అవ్వ చెప్పిన నిజం మాటలూ నమ్మదు. పక్కింటి కన్నడ కుటుంబంతో "మీకంటే ముందే వచ్చాం" అని బిళ్ళ చూపించి వాదించడం ఇంకా సిగ్గుచేటు. పైగా ఈ నమ్మకాన్నే కాచుకుని ఉంటారు "రైస్ పుల్లర్" మోసగాళ్ళు. బియ్యాన్ని లాగే పాత్ర కోట్లు పలుకుతుందని చెప్పి డబ్బు గుంజుతారు.

మనం తెలుగువాళ్ళమని చెప్పడానికి రాగిబిళ్ళ అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే మాట, ఇంటిపేరు, పాత భూమి పత్రాలు చాలు. బిళ్ళ దొరికితే తోమకండి, అమ్మకండి. పక్కన స్కేలు పెట్టి రెండువైపులా ఫొటో తియ్యండి, తూకం రాయండి, ఇంట్లో పెద్దావిడను అడిగి ఎవరి పెట్టెలోదో రాసిపెట్టండి. నూరేళ్ళు దాటినదైతే 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు, ఇష్టమొచ్చినట్టు అమ్మే సరుకు కాదు. భూమిలో దొరికితే ప్రభుత్వానికి చెప్పాల్సిందే. వయసు సంగతి పురావస్తు శాఖవాళ్ళు చూసి చెప్పనివ్వండి.

వాళ్ళు "యాభై ఏళ్ళదే" అంటే అదీ మన చరిత్రే. దాన్ని ఐదొందలేళ్ళు చెయ్యనక్కర్లేదు.