మేక జాతి ఎంపికకు మేతే గీటురాయి

పేదవాని ఆవుగా పేరుపడిన మేకలు 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్లకు పైగా ఉన్నాయి. పాలకూ, మాంసానికీ పనికివచ్చే జాతి ఏదన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరి చూపూ జమునాపారి వైపే మళ్లడం పరిపాటి. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో యమున, చంబల్ నదీ లోయలు ఈ జాతికి పుట్టినిల్లు. దాని నిండైన విగ్రహం, పాల దిగుబడి ఆకట్టుకొనేవే. అయితే అది పొదలు, చెట్ల ఆకులు మేస్తూ పెరిగే జీవి. అట్టి మేత కరవైన చోట ఇరుకు పాకలో కట్టివేస్తే ఆ దిగుబడిని ఆశించలేము. పైగా ఈతకు తరచుగా ఒక్క పిల్లనే ఈనుతుంది.

బీడుభూమి లేని కుటుంబానికి ఆగ్రా, మథుర ప్రాంతాల బర్బరీ మేలు. అది చిన్నది, కట్టివేసి మేపినా తట్టుకుంటుంది, కవలలను ఈనడం పరిపాటి. రాజస్థాన్ మెట్ట ప్రాంతాలకు సిరోహి తగినది. బెంగాల్ నల్లమేక మాంసానికీ, చర్మానికీ ప్రసిద్ధమే గాని, పాడికి అక్కరకు రాదు.

కనుక పూటకెన్ని పాలు అన్నదొక్కటే కొలబద్ద కారాదు. ఏడాదిలో ఎన్ని పిల్లలు బతికి అమ్మకానికి వచ్చాయన్నది కూడా లెక్కించాలి. 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ మేకల పెంపకానికి 50 శాతం పెట్టుబడి రాయితీ ప్రకటించింది. ఆ ప్రజాధనం ఎత్తు, అందం చూసి దూరప్రాంతపు జాతులను కొనడానికి వ్యయమైతే నష్టపోయేది పేదలే. స్థానిక మేకలలోనే మేలైన పోతులను ఎంచి గ్రామాలకు అందించడం ప్రభుత్వాల ప్రథమ కర్తవ్యం కావాలి.