నమ్మకం రోగి పడ్డ బాకీ కాదు

అమెరికాలో నల్లజాతి వారి ఆరోగ్యం మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక మాట దగ్గర తేలుతుంది: వాళ్లకు డాక్టర్లంటే నమ్మకం లేదు. దానికి కారణమూ, విరుగుడూ కూడా చెప్పేవాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. కారణం టస్కీగీ నాటి పాత గాయమట. విరుగుడు అవగాహన కల్పించడమట. ఈ మాట అనేవాళ్లలో చాలామందికి దురుద్దేశం లేదు. అందుకే దీన్ని నిలదీసేవాళ్లూ తక్కువ. కానీ ఈ మంచిమాట కింద ఒక తీర్పు దాక్కుని ఉంది. వైద్యం సవ్యంగానే సాగుతోంది, దాన్ని నమ్మలేని రోగి మనసునే బాగుచేయాలి అన్నది ఆ తీర్పు. సాక్ష్యాలు ముందు పెట్టుకుని చూస్తే ఇది నిలబడదు. అక్కడి నల్లజాతి రోగి అనుమానం చాలావరకు కళ్లముందున్న లెక్కల నుంచే పుడుతోంది. రుజువు చేసుకోవాల్సిన భారం వైద్యం మీద ఉంది.

ముందు టస్కీగీ సంగతే చూద్దాం. 1932లో అమెరికా ప్రజారోగ్య విభాగం అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో సుమారు 600 మంది నల్లజాతి పురుషులను టస్కీగీ పేరుతో తెలిసిన అధ్యయనంలో చేర్చుకుంది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. ఆ పేరు వారికి చెప్పలేదు, ‘చెడు రక్తం’ అన్నారు. వెన్నులోంచి నీరు తీసే పరీక్షను ప్రత్యేక చికిత్స అని నమ్మించారు. పరీక్షల రోజున భోజనం పెట్టారు, చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. 1940ల చివరికి పెన్సిలిన్ ఆ జబ్బుకు ఖాయమైన మందుగా స్థిరపడినా వాళ్లకు ఇవ్వలేదు. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా, 40 ఏళ్లపాటు, ఆ రైతులూ కూలీలూ పిలిచినప్పుడల్లా వచ్చి పరీక్షకు చెయ్యి చాపారు. ఈ కథలో అపనమ్మకం ఎక్కడుంది? మారుమాట లేకుండా డాక్టరును నమ్మినవాళ్ల కథ ఇది. ‘నమ్మండి’ అని బోధించడానికి ఇంతకంటే పొసగని ఉదాహరణ మరొకటి ఉండదు.

అదంతా గతం, ఇప్పుడు చట్టాలూ నీతి సంఘాలూ వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. అయితే గతం అనుకున్నది ఇప్పటి పరికరాల్లో ఎలా కూర్చుందో చూడాలి. కొవిడ్ ఉధృతిలో, 2021 వేసవిలో మన ఇళ్లలోనూ వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరునే తీసుకోండి. అందులో అంకె 94 కిందికి జారితే ఊరంతా ఫోన్లు చేసి పడక కోసం వెతికాం. ఆ పరికరం చర్మం గుండా కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్‌ను అంచనా కడుతుంది. చర్మం రంగు ముదిరినకొద్దీ ఆ అంచనా తప్పి, ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిచిగన్ వైద్యులు ప్రచురించిన లెక్క ఇది: పరికరం 92 నుంచి 96 శాతం చూపిస్తున్న వేళ ధమని రక్తాన్ని పరీక్షిస్తే, అసలు స్థాయి 88 శాతం కంటే కిందికి పడిపోయిన సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. కొత్తగా తెలిసిన లోపమా అంటే అదీ కాదు. 1990లోనూ, 2005లోనూ పరిశోధకులు దీన్ని ఎత్తిచూపారు. ‘నాకు ఊపిరాడటం లేదు’ అని రోగి అంటుంటే, ‘మీ అంకె బాగానే ఉంది’ అని చెప్పే డాక్టరు అబద్ధమాడటం లేదు. అయినా అక్కడ నిజం చెబుతున్నది రోగి.

మూత్రపిండాల కథ ఇంకా స్పష్టం. రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో కట్టే సూత్రంలో, రోగి నల్లజాతి వ్యక్తి అయితే వచ్చిన ఫలితాన్ని పెంచి చూపే గుణకం ఒకటి ఉండేది. 1999 నాటి సూత్రంలో అది సుమారు 1.2, 2009 నాటి దానిలో సుమారు 1.16. నల్లజాతి వారికి కండ ఎక్కువ అన్నది దాని వెనకున్న వాదన. కండను ఎవరూ కొలవలేదు, రంగును బట్టి ఊహించారు. అమెరికాలో మూత్రపిండ మార్పిడి కోసం నిరీక్షణ కాలం డయాలసిస్‌కు ముందే లెక్కలోకి రావాలంటే ఆ సూత్రం ఇచ్చే అంకె 20కి పడాలి. ఒకే రక్త పరీక్ష ఫలితం, ఒకే వయసు ఉన్న ఇద్దరిలో ఒకరు వరుసలోకి చేరితే, మరొకరు కేవలం జాతి పేరుతో బయటే ఆగారు. 2021లో ఆ గుణకాన్ని తీసేయాలని అక్కడి మూత్రపిండ వైద్య సంఘాలు నిర్ణయించాయి. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆ రోగుల అనుమానం సబబే.

‘డాక్టర్లు జాతి ద్వేషులు కారు’ అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. కాదనను. అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసే వేలాది భారతీయ డాక్టర్లు, వారిలో మన తెలుగువాళ్లు, ఆ గుణకం వేసిన రిపోర్టులనే చదివి మందులు రాశారు. వారి మనసులో ద్వేషం ఉందని ఎవరంటారు? ద్వేషం లేకుండానే అన్యాయం జరుగుతుందన్నదే ఇక్కడి అసలు పాఠం. అట్లాంటాలోని ఒక అత్యవసర విభాగంలో చెయ్యో కాలో ఎముక విరిగి వచ్చినవారి రికార్డులను పరిశీలించి 2000లో ప్రచురించారు: నొప్పి తగ్గించే మందు అందినవారు తెల్లజాతిలో 74 శాతం, నల్లజాతిలో 57 శాతం. నొప్పి ఉందని కేసు షీట్లలో ఇద్దరికీ ఒకేలా రాశారు, మందు దగ్గరే తేడా వచ్చింది. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం అధ్యయనంలో తెల్లజాతి వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్లలో దాదాపు సగం మంది, నల్లజాతి వారి చర్మం మందంగా ఉంటుందనడం లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకదానికి తలూపారు. అలాంటి నమ్మకాలున్నవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. అవగాహన సదస్సు పెట్టాలంటే ముందు వరుసలో ఎవరిని కూర్చోబెట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇదంతా పేదరికం మహిమ, రంగుకు ముడిపెట్టవద్దు అనేవారున్నారు. పేదరికం పాత్ర పెద్దదే. కానీ అదొక్కటే కారణమైతే, చదువూ ఆదాయమూ పెరిగినప్పుడు తేడా చెరిగిపోవాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2019లో విడుదల చేసిన లెక్కలు చూస్తే, డిగ్రీ చదివిన నల్లజాతి స్త్రీలలో గర్భం, ప్రసవం కారణంగా సంభవించే మరణాల రేటు హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి స్త్రీల రేటుకు 1.6 రెట్లు. డిగ్రీ పట్టా ఈ గండం గట్టెక్కించలేదు.

మిగిలింది బరువైన అభ్యంతరం: అనుమానం సబబే అయినా దానివల్ల నష్టపోయేది రోగే కదా, అది పోగొట్టవద్దా? నష్టం నిజం. టస్కీగీ బయటపడ్డాక నల్లజాతి పురుషులు వైద్యానికి దూరమై ఆయుష్షు కోల్పోయారని ఆర్థికవేత్తలు మార్సెల్లా అల్సాన్, మేరియన్ వానమేకర్ 2018లో వాదించారు. అదే అల్సాన్ సహచరులతో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో చేసి, 2019లో వెలువరించిన ప్రయోగం ఈ చిక్కుముడి విప్పుతుంది. 600 మందికి పైగా నల్లజాతి పురుషులకు డాక్టరు ఫోటో చూపి ఏ పరీక్షలు చేయించుకుంటారని అడిగితే, డాక్టరు ఏ జాతివాడైనా జవాబుల్లో తేడా రాలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాక మాత్రం, నల్లజాతి డాక్టరు దగ్గరికి వెళ్లినవారు మధుమేహం, కొలెస్టరాల్ వంటి పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు. అంటే రోగి ఇంటి దగ్గరే మనసు తలుపులు మూసుకుని రాలేదు. ఆ గదిలో జరిగే మాటామంతీలోనే నమ్మకం కుదరడమో కుదరకపోవడమో తేలుతోంది. కొవిడ్ టీకా విషయమూ అంతే. 2020 చివర్లో నల్లజాతి వారికి టీకా అంటే భయమని ఊదరగొట్టారు. 2021 సెప్టెంబరు నాటి కైజర్ సంస్థ సర్వేలో కనీసం ఒక డోసు వేయించుకున్న పెద్దలు తెల్లజాతిలో 71 శాతం, నల్లజాతిలో 70 శాతం. ‘పుట్టుకతో వచ్చిన అపనమ్మకం’ తొమ్మిది నెలల్లో మాయమవుతుందా?

కాబట్టి నమ్మకాన్ని రోగి చెల్లించాల్సిన బాకీగా చూడటం మానాలి. ‘వైద్యో నారాయణో హరిః’ అంటూ పెరిగిన మనకు ఇది కొంచెం కష్టంగా తోచవచ్చు. దేవుడి మీద భక్తికి లెక్కలు అక్కర్లేదు గానీ, వైద్యానికి లెక్కలే ప్రాణం. ఆ లెక్కలు సరిచేస్తే ఏం జరుగుతుందో మూత్రపిండాల విషయంలోనే ఒక దారి కనిపించింది. 2023లో అమెరికా అవయవ మార్పిడి వ్యవస్థ మూత్రపిండ మార్పిడి చేసే ఆసుపత్రులన్నిటికీ ఆదేశం ఇచ్చింది: పాత గుణకం వల్ల ఆలస్యమైన నల్లజాతి రోగులను రికార్డుల్లో వెతకండి, వారికి చెప్పండి, పోయిన నిరీక్షణ కాలాన్ని వారి ఖాతాలో తిరిగి కలపండి. వేలాది మంది వరుసలో ముందుకు జరిగారు. వారిలో ఎవరినీ ముందుగా ‘మమ్మల్ని నమ్మండి’ అని అడగలేదు.