గుంత పూడ్చకముందే చూడండి

కర్నూలు, కడప నగరపాలక సంస్థల కమిషనర్లకు,

భూగర్భ డ్రైనేజీ లేని వీధుల్లో ఇల్లు కట్టేవారు సెప్టిక్ ట్యాంకు పనిని స్థానిక మేస్త్రీకి గుత్తకు ఇస్తారు. ఖర్చు తగ్గించాలని చాలాచోట్ల అడుగున కాంక్రీటు వేయకుండానే సిమెంటు వరలు దించి, పైన కడప బండ కప్పేస్తారు. అది ట్యాంకు కాదు, మురుగును భూమిలోకి వదిలే గుంత.

ఐఎస్ 2470 ప్రమాణం ప్రకారం ట్యాంకు నీరు కారనిదై ఉండాలి. ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. మీ ప్రాంతంలో చాలాచోట్ల నేల కింద సున్నపురాయి ఉంది. మట్టి మురుగును కొంతైనా వడగడుతుంది, రాతి పగుళ్లు వడగట్టవు. ఆ పగుళ్లలోంచి మురుగు బోరు నీటిలో కలవవచ్చు. వేసవిలో ఎన్నో ఇళ్లకు ఆ బోరే దిక్కు.

ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడే ట్యాంకు కొలతలు, బోరు నుంచి దూరం అడగండి. గుంత పూడ్చకముందు ట్యాంకులో నీరు నింపి, మర్నాడు మట్టం దిగిందేమో మీ సిబ్బంది చూడాలి. ఈ పరీక్షలో నిలిచిన మేస్త్రీల పేర్లు వార్డు సచివాలయాల్లో పెట్టండి. చిన్న స్థలాల్లో 18 మీటర్లు దొరకవు. అక్కడ వీధికంతా కలిపి దూరంగా ఒక ఏర్పాటు మీరే చూపాలి.

పైబండకు తెరిచే మూత తప్పనిసరి చేయండి. అది లేకపోతే పూడిక తీసే యంత్రం గొట్టం దిగదు, మనిషిని దించుతారు. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడాన్ని 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం నిషేధించింది.