గేటు దగ్గరే కూర్చోమనకండి

"అమ్మా, దిగగానే గేటు ఎక్కడుందో కనుక్కుని అక్కడే కూర్చో. ఎక్కడికీ కదలొద్దు." హైదరాబాద్‌లో విమానం ఎక్కబోయే తల్లికి అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఫోన్‌లో చెప్పే ఆఖరి మాట ఇది. నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. తప్పు చెప్పాను. దుబాయ్‌లో ఎనిమిది గంటల లేఓవర్ ఉన్నా ఊళ్లోకి వెళ్లి రావడం ప్రమాదమనీ, దండగనీ మన ఇళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. మన పెద్దవాళ్లకు అది అన్యాయం చేస్తోంది.

దుబాయ్ మూడో టెర్మినల్‌లో ఒక్కసారి చుట్టూ చూడండి. చీర మీద స్వెటర్, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, దాని పట్టీ చేతికి రెండు చుట్లు. నడవగలిగిన మనిషే. ఇంగ్లీషు రాదని, తప్పిపోతుందని మనమే వీల్‌చెయిర్ రాయించాం. సిబ్బంది తెచ్చి ఒకచోట కూర్చోబెట్టి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేసరికి తను కనబడకపోతే ఎలాగన్న భయంతో బాత్రూమ్‌కి లేవడానికి కూడా జంకుతుంది. మంచినీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లు మానేస్తుంది. దీన్ని మనం జాగ్రత్త అంటున్నాం.

"విమానం తప్పిపోతే?" అని అడుగుతారు. సరే, లెక్క వేద్దాం. దిగి ఇమిగ్రేషన్ దాటడానికి గంటన్నర తీసేయండి. మెట్రోలో రానూపోనూ ఇంకో గంటన్నర. తిరిగొచ్చి సెక్యూరిటీ దాటి గేటు చేరడానికి మూడు గంటలు. ఎంత ఉదారంగా తీసినా ఎనిమిదిలో రెండు గంటలు చేతిలో మిగులుతాయి. ఒకే టికెట్ మీద ప్రయాణమైతే సామాను హైదరాబాద్‌లోనే చివరి ఊరిదాకా ట్యాగ్ చేస్తారు, రెండో బోర్డింగ్ పాస్ కూడా అక్కడే తీసుకోవచ్చు. మోయాల్సింది చేతిసంచీ ఒక్కటే.

ఇది అంత గండమైన పనే అయితే విమానాశ్రయాలే ఎందుకు పూనుకుంటాయి? సింగపూర్ చాంగీ విమానాశ్రయం అయిదున్నర గంటలకు పైగా ఆగే ప్రయాణికులకు ఉచితంగా ఊరు చూపించి వెనక్కి తెస్తుంది. ఇస్తాంబుల్‌లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ కూడా తన ప్రయాణికులకు అదే చేస్తోంది. ఆ దేశంలో అడుగుపెట్టడానికి వీసా అర్హత ఉంటే చాలు.

"రెండు గంటల్లో ఏం చూస్తాం?" అనేది రెండో మాట. బుర్జ్ ఖలీఫా ఎక్కాలి, మాల్ తిరగాలి, ఎడారిలో జీపు ఎక్కాలి అనుకుంటే ఏదీ కాదు. ఉరుకులు పరుగులతో పది చోట్ల ఫొటోలు దిగి రమ్మని నేనూ చెప్పను. ఒక్క చోటు చాలు.

ఒక జనవరి సాయంత్రం మా అమ్మతో నేను వెళ్లింది అలా ఒక్క చోటికే. మూడో టెర్మినల్‌లోనే రెడ్ లైన్ మెట్రో ఎక్కాం. యూనియన్‌లో గ్రీన్ లైన్‌కి మారి అల్ రాస్‌లో దిగితే, కాస్త నడకలో క్రీక్ అనే సముద్రపు పాయ. దాన్ని దాటించే చెక్క పడవను అబ్రా అంటారు. మధ్యలో ఎత్తుగా ఉన్న పెట్టె మీద జనం వీపులు ఆనించుకుని, కాళ్లు నీటివైపు పెట్టి కూర్చుంటారు. సరంగు చెయ్యి చాపాడు, మనిషికి ఒక దిర్హామ్. చిన్నప్పుడు గోదావరి దాటి బడికెళ్లిన మనిషి మా అమ్మ. పడవ కదలగానే చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్యకి లాక్కుని, "ఇదీ రేవేనా!" అంది. ఆ గొంతులో అంత హుషారు నేను విని చాలా ఏళ్లయింది.

ఆమె అన్నది నిజమే, దుబాయ్ రేవు ఊరే. 1966లో చమురు బయటపడక ముందు ముత్యాల మీద, ఈ రేవులో దిగే సరుకు మీద బతికింది. ఆ 1966 దాకా ఇక్కడి బజార్లో చెల్లింది రూపాయే. గల్ఫ్ కోసమని మన రిజర్వ్ బ్యాంకు 1959లో ప్రత్యేకంగా నోట్లు కూడా తెచ్చింది. ఈ ముక్క చెబితే అమ్మ నమ్మలేదు.

రేవు పక్కనే ఉన్న మసాలాల బజారులో ఏలకులు, ఎండు నిమ్మకాయలు, కుంకుమపువ్వు బస్తాల మధ్య తోపుడు బండి ఆపి ఒకాయన, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె. వచ్చి పదకొండేళ్లయిందట. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, ఇంటికెప్పుడెళ్లావు అని అమ్మ నిలబెట్టి అడిగింది. నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్ల నుంచి ఇలా ఎందరో వెళ్లారని ఆమెకి వినికిడి. ఆ రోజు కళ్లారా చూసింది. డ్యూటీ ఫ్రీ కొట్లో ఈ మనిషి కనిపించడు.

అందరూ వెళ్లాలని నేననడం లేదు. ఆరు గంటల లోపు లేఓవర్ అయితే వద్దు. విడివిడి టికెట్లయితే వద్దు. నిజంగానే మోకాళ్లు సహకరించనివాళ్లను, మే నుంచి సెప్టెంబరు దాకా పట్టపగలు ఎవరినైనా బయటికి తీసుకెళ్లడం తప్పు. అర్ధరాత్రి మెట్రో ఉండదు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లను ఒంటరిగా పంపమనీ అనను. తోడు వెళ్లేవాళ్లు ఉన్నప్పుడు కూడా గేటు దగ్గరే కట్టిపడేసినట్టు కూర్చుంటున్నామే, అక్కడే నా అభ్యంతరం. వీసా కష్టమంటారు గానీ, యూఏఈ విమాన సంస్థలు 48 గంటల, 96 గంటల ట్రాన్సిట్ వీసాలు ముందుగానే ఇప్పిస్తాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందే చూసుకోవాలి.

వచ్చే ఏడాది అమ్మానాన్నలను మీతో తీసుకెళ్తుంటే, రెండున్నర గంటల్లో పరిగెత్తి విమానం మారే టికెట్ తియ్యకండి. ఎనిమిది గంటలదే తియ్యండి. వీసా పని నెల ముందే ముగించండి. నాన్న జేబులో కొన్ని దిర్హామ్ నాణేలు వేసి, సరంగుకి ఆయన చేత్తోనే ఇప్పించండి.