తాతమ్మ పేరేమిటి?

2016 ఆగస్టు, కృష్ణా పుష్కరాలు. విజయవాడ పద్మావతి ఘాట్‌లో మావారు పిండప్రదానానికి కూర్చున్నారు. తండ్రి, తాత, ముత్తాత... మగవాళ్ళ పేర్లు మూడూ గడగడా చెప్పేశారు. నాయనమ్మ పేరూ చెప్పారు. "ఆవిడ అత్తగారి పేరు?" అన్నారు పురోహితుడు. మావారు వెనక్కి తిరిగి మా అత్తగారి వంక చూశారు. "మా అత్తగారు ఆవిణ్ణి ‘పెద్దమ్మగారు’ అనేవారురా. పేరెట్టి పిలిచే ధైర్యం ఎవరికుంది?" అన్నారావిడ.

ఆ ముత్తాతగారు ఏ కాలవ కింద ఎన్నెకరాలు కొన్నారో, ఏ బోదె దగ్గర ఎవరితో తగాదా పడ్డారో మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ పొలంలో పనిచేసిన వాళ్ళందరికీ వండిపెట్టిన మనిషికి మాత్రం పేరు లేదు! మీ ఇంట్లో ఉందా? ఒక్కసారి గుర్తు చేసుకుని చూడండి.

ఇంటి కథలు రాసిపెట్టండి అంటే "మా ఇళ్ళల్లో ఏముందండీ రాయడానికి?" అంటారు చాలామంది. మన పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ 2012లో అచ్చయింది, ఆవిడకి తొంభై దాటాక. బాల్య వైధవ్యం, పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త దూరమవడం, బిడ్డలిద్దర్నీ పోగొట్టుకోవడం, మళ్ళీ చదువుకుని కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఒంటరిగా నిలబడటం... అందరివీ అంత బతుకులు కావు, నిజమే. కానీ ఆవిడే రాయకపోతే చరిత్రలో ‘ఫలానా వారి భార్య’ అన్న ఒక్క ముక్కగా మిగిలేవారు కాదూ?

మా అత్తగారి పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకి ఆవిడకి పదిహేడేళ్ళు. పదివేల మందికి పైగా పోయారన్న లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. తాడిచెట్టుకి చీరతో కట్టుకుని బతికిన వాళ్ళ పిన్నిగారి సంగతి మా అత్తగారి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. పెన్ను పుచ్చుకుని ఎదురుగా కూర్చుంటే "ఏముందమ్మా, నీళ్ళొచ్చాయి, పోయాయి" అని తేల్చేస్తారు. చింతపండు పిక్కలు తీస్తున్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఇద్దరం చేతులు ఖాళీ లేకుండా ఉండాలన్నమాట! తెలివిగా ఫోనులో రికార్డు చేశాను. ఆ ఫోను కాస్తా నీళ్ళల్లో పడింది, గొంతూ పోయింది. అప్పట్నుంచీ ఏ రోజు విన్నది ఆ రాత్రే నోటు పుస్తకంలో రాస్తున్నాను, తేదీ వేసి, ఊరి పేరుతో సహా.

ఒక్కచోట మాత్రం ఆవిడ ఆగిపోతారు. చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచారట... "అది రాయకు" అన్నారు. పరువు కోసం దాచుకునే ఇంటి గుట్లంటే నాకు గిట్టదు. ఏ కోడల్ని ఎంత ఏడిపించారో అదీ రాయాలంటాను. కానీ ఇది పరువు కాదు, ఆవిడ దుఃఖం. చెప్పడమా మానడమా అన్నది ఆవిడ ఇష్టం. అక్కడ పేజీ వదిలేశాను.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఆవిడ మాట ముద్దగా వస్తోంది. తొమ్మిది పేజీలే అయ్యాయి. ముందే మొదలెట్టాల్సింది.

మళ్ళీ పుష్కరాలు 2028లో. మావారి మేనత్తగారికి ఎనభై ఆరేళ్ళు, జ్ఞాపకం బాగానే ఉంది. తాతమ్మ పేరు అడగడానికి వచ్చే ఆదివారం అవనిగడ్డ బస్సెక్కుతున్నాం.