విద్యుత్తు పోయినపుడు టీకామందుల గతి యేమి?

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకెను. విద్యుత్ స్తంభములు నేలగూలెను. దినముల తరబడి పురము చీకటిపాలయ్యెను. దీపములు లేని బాధను ఎల్లరును ఎరుగుదురు. కాని అట్టి వేళ వైద్యశాలలోని శీతలయంత్రముల స్థితిని విచారించువారెందరు? ఈ ప్రశ్న విశాఖకు మాత్రమే గాదు, సముద్రతీరమున గల ప్రతి పట్టణమునకును చెందినది.

టీకామందులలో పెక్కింటిని 2 మొదలు 8 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నుంచవలయును. వేడిమి మించిన వాని శక్తి క్షీణించును. ధనుర్వాతమునకు వేయు టీకావంటివి గడ్డకట్టినను చెడును. కావున తొందరపడి సీసాలను మంచుగడ్డల కానించుటయు కీడే. కొన్ని సీసాలపై వేడిమిని తెలుపు గుర్తు గలదు గాని, అది గడ్డకట్టిన సంగతిని చెప్పజాలదు. వేడికి చెడిన మందు చూపునకు మంచిమందు వలెనే యుండును. బిడ్డకు రక్షణ కలిగెనని నమ్మి తల్లి యింటి కేగును. ఆ నమ్మకము వమ్ముగుట కంటె అన్యాయ మేమున్నది?

విద్యుత్తు పోయిన వెంటనే చేయవలసినది తలుపు తెరువకుండుట. మూసియున్న యంత్రము కొంతకాలము చలువను నిలుపుకొనును; మాటిమాటికి తెరచిన అదియు పోవును. విద్యుత్తు పోయిన వేళ, వచ్చిన వేళ, ఉష్ణమాపకము చూపిన అంకె వ్రాసియుంచవలయును. ఆ వ్రాతయే సాక్ష్యము. సందేహము గల మందును వేరుపరచి, గుర్తుపెట్టి, చల్లగనే యుంచవలయును. నిర్ణయము తెలియువరకు దానిని వేయనురాదు, పారవేయనురాదు.

మందులకే గాక, ప్రయోగశాలలలో మనుష్యులకును ముప్పు గలదు. విషవాయువులను వెలికి లాగు పంకాలు ఆగగనే సీసాలకు మూతలు బిగించి, మంటల నార్పి, వెలుపలికి రావలయును. వచ్చుటకు ముందు యంత్రముల మీటలను కట్టివేయవలయును. లేనియెడల విద్యుత్తు మరలి వచ్చినపుడు అవి తమంతట తామే కదలును. మండెడు ఆవిరి నిండిన గదిలో ఒక్క నిప్పురవ్వ చాలును.

జనరేటరును కొని మూలనుంచిన కార్యము తీరదు. అందు నూనె యున్నదా, నెల నెలకు నడిపి చూచుచున్నారా, అర్ధరాత్రి తాళపుచెవి యెవరియొద్ద దొరకును? ఈ మూడింటికిని సమాధానము గోడపై వ్రాసియుండవలయును. ఇందుకు కావలసిన ధనము కొంచెము, శ్రద్ధ మిక్కుటము. తుపానులను ఆపుట మన వశము గాదు. కాని తుపాను రాకమునుపే వైద్యశాలకు బోయి ఆ లెక్కపుస్తకమును చూపుడని యడుగుట పౌరుల వశములోనిదే. చదువరులారా, అడుగుడు.